ఊరి పేరు, ప్రభువు పిలుపు
(యోహాను 1:46)

యేసును చూడకమునుపే నతనయేలు ఆయన ఊరినిబట్టి సందేహించెను. ఫిలిప్పు వాదింపలేదు, వచ్చి చూడుమనెను.

బాపట్ల చేరువనున్న స్టువార్టుపురమును తలంచుడి. నేరస్థ జాతుల చట్టముక్రింద ఎరుకల కుటుంబములను 1913లో సాల్వేషన్ ఆర్మీవారి అజమాయిషీలో అక్కడ నిలిపిరి. ఆ కాపలాలో క్రైస్తవ సంఘమునకును పాలున్నది. 1952లో చట్టము రద్దాయెను. నింద రద్దు కాలేదు. 1991లో ఆ ఊరిపేర రెండు సినిమాలు వచ్చెను. ఒకదాని పేరులోనే ‘దొంగలు’ అని యున్నది. ఎన్నడును దొంగిలింపని కూలితల్లియు, బడికి పోవు బిడ్డయు ఆ నిందను మోయవలసివచ్చెను.

పల్లెపేరు చెప్పగానే పెదవి విరిచినవారిని మనమును ఎరుగుదుము. అయినను ఆ ఊరివారిని మనమట్లే చూచితిమి గదా! విన్నమాట మోయక, వెళ్లి చూతము. వారి యింట అన్నము తిందము. నజరేయుడని పిలువబడుటకు సిగ్గుపడని ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.