రక్షకుల రక్షణము

ఒకరి ప్రాణము నిలుపుటకై మఱియొకరిని ఆపదలో నిలువుమని కోరునప్పుడు, కోరినవారిపై నెట్టి ధర్మము పడును? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో గాక, మా పేటలోనే తటస్థించినది. మేము నివసించు అడిక్‌మెట్టునకు చేరువనే నల్లకుంట ఫీవరాస్పత్రి యున్నది. దానికి రొనాల్డ్ రాస్ పేరుంచినను, పెద్దలు దానిని కోరంటి దవాఖానా యనియే పిలుతురు. క్వారంటైను అను మాట జనుల నోట నరిగి కోరంటి యైనది. అంటువ్యాధి సోకినవారిని వేఱుగా నుంచవలెనని మన నగరము ఏనాడో నేర్చినది. వారి ప్రక్కన నిలుచు వారిని కాపాడుట మాత్రము ఇంకను పూర్తిగా నేర్వలేదు.

2020వ సంవత్సరమున కరోనా ప్రబలినప్పుడు సికింద్రాబాదులోని గాంధీ ఆస్పత్రి ఆ రోగులకే కేటాయింపబడెను. మార్చి 22వ తేదీని మన మందఱము గుమ్మములలో నిలిచి వైద్యసేవకులకై చప్పట్లు చఱచితిమి. మే 3వ తేదీని వాయుసేన హెలికాప్టరు ఆ యాస్పత్రిపై పూలు కురిపించెను. కృతజ్ఞత మంచిదే. కాని శస్త్రచికిత్స గదిలోని వారికి కావలసినది వేఱు.

ల్యాపరోస్కోపీ యను చికిత్సను చూడుడు. ఇందు కడుపును పెద్దగా కోయక, చిన్న రంధ్రములగుండ కెమేరాను, పనిముట్లను పంపుదురు. రోగికి నొప్పి తక్కువ. త్వరగా నిల్లు చేరును. అయితే లోపల చోటు కలుగుటకై కడుపును బొగ్గుపులుసు వాయువుతో నింపుదురు. విద్యుత్పరికరము కండను కాల్చగా పుట్టిన పొగ ఆ వాయువులో కలియును. గొట్టమును తీసినపుడు అది చుట్టు నిలిచినవారి ముఖములపైకి వెలువడును. 2016లో వెలువడిన యొక కొరియా పరిశోధనలో, హెపటైటిస్ బి కల 11 మంది రోగులలో 10 మంది విషయమున ఆ పొగలో వైరసు జాడ కనబడినది. జాడ కనబడినంతనే వ్యాధి యంటునని కాదు. అయినను 2020లో శస్త్రవైద్యులకు సంకటము కలిగెను: తమవారి క్షేమమునకై రోగి కడుపును పెద్దగా కోయుదురా? రోగి సుఖమునకై తమవారిని శంకాస్పదమైన గాలిలో నిలుపుదురా?

ఇట్టిచోట మేము చూడవలసినది ఒక్కటి. ఆపద యెంతయో నిశ్చయము కానప్పుడు, దానిని తూచి నిర్ణయించువాడు ఒకడు, భరించువారు వేఱొకరు. శస్త్రవైద్యుడు ఆలోచించి పూనుకొనును. పనిముట్లందించు నర్సును, నేల తుడుచు ఆయాను ఎవ్వరును అడుగరు. అడుగబడనివారి విషయమున, నిరూపణ కాలేదను మాట ఉపేక్షకు సాకు కారాదు.

వారు ఆపద యెఱిగియే యీ వృత్తిలో చేరిరి గదా యని కొంద ఱందురు. సైనికుడును ఎఱిగియే చేరును. అతనికి కవచ మీయక యుద్ధమునకు పంపు రాజును ఎవరు మెచ్చుదురు? వైద్యుని సాక్షాత్తు హరి యనుట మనకు అలవాటు. ఈ పొగడ్తలో నొక చిక్కున్నది: దేవునికి మాస్కు కొననక్కఱలేదు! మనుష్యుడని తలచినప్పుడే అతనికి వ్యాధి సోకుననియు, ఇంట పసిబిడ్డ లుందురనియు జ్ఞప్తికి వచ్చును.

వాస్తవమునకు పై సంకటము చాలవఱకు తీరునదే. వాయువు ఒత్తిడి తగ్గించుట, గొట్టములు తీయకమున్నే పొగను వడపోత ద్వారా పీల్చివేయుట, గదిలో మనుష్యులను మితముగా నుంచుట, ముఖమున కమరిన ఎన్95 మాస్కు లిచ్చుట: ఇవి రోగి సుఖమును హరింపవు. కావలసినది కొంత వ్యయము, కొంత శ్రద్ధ. కరోనా తగ్గినను హెపటైటిస్ పోలేదు; పొగయు పోలేదు.

చదువరులారా! మన యింటివారిని శస్త్రచికిత్సకు చేర్చునప్పుడు ఖర్చెంత, కుట్లెన్ని యని యడుగుదుము. లోపల నిలుచు వారికి రక్షణ మున్నదా యనియు నొక మాట అడుగుదము. ఆస్పత్రులకు విరాళ మిచ్చువారు గోడపై పేరు చెక్కించుటకు బదులు ఒక వడపోత యంత్రము కొనియిత్తురు గాక. ఆ నర్సు, ఆ ఆయా సాయంకాలము ఆరోగ్యముతో నిల్లు చేరుటయే మన కృతజ్ఞతకు తార్కాణము.