మట్టిలో దొరికిన దీనారం



నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లి పేరు మీలో చాలామంది విని ఉండకపోవచ్చు. పాత నాణేల మీద పరిశోధన చేసే పండితులకు మాత్రం అది బాగా తెలిసిన పేరు. అక్కడ భూమిలో నుండి పదిహేను వందలకు పైగా రోమను వెండి నాణేలు బయటపడ్డాయి. అవి దీనారాలు. ఔగుస్తు చక్రవర్తి, ఆయన తరువాత వచ్చిన తిబేరియ చక్రవర్తి వేయించినవి.

ఈ రెండు పేర్లూ మనకు కొత్తవి కావు. క్రిస్మసు రాత్రి పూజలో చదివే సువిశేషంలో జనాభా లెక్కలకు ఆజ్ఞ ఇచ్చినవాడు ఔగుస్తు. స్నాపక యోహాను బోధ మొదలైంది తిబేరియ పాలనలో 15వ ఏట. ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచింది కూడా ఆ తిబేరియ కాలంలోనే. పన్ను విషయమై చిక్కు ప్రశ్న వేసిన వారిని ప్రభువు ఒక నాణెం చూపించమని అడిగిన సంగతి మత్తయి సువిశేషం 22వ అధ్యాయంలో ఉంది. ఆ రోజు వారు తీసి చూపింది తిబేరియ దీనారమే అయి ఉంటుందని చాలామంది బైబులు పండితుల అభిప్రాయం. దానికి ఒక పక్క ఆకుల దండ పెట్టుకున్న చక్రవర్తి తల, చుట్టూ ఆయన దేవుడైన ఔగుస్తు కుమారుడని రాత. రెండో పక్క పీఠం మీద కూర్చున్న ఒక స్త్రీ, ప్రధాన యాజకుడు అనే బిరుదు. బరువు నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ.

ఒక్క సంగతి గమనించారా? నాణెం ప్రభువు దగ్గర లేదు. అడిగినవారి దగ్గరే ఉంది.

అటువంటి నాణెం మన జిల్లా మట్టిలోకి ఎలా వచ్చింది? వ్యాపారం వల్ల. మిరియాలకు, నూలు బట్టలకు, రత్నాలకు రోమను వర్తకులు వెండి బంగారాలు పోసేవారు. ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు భారతదేశానికి పోతున్నాయని ప్లినీ అనే రోమను రచయిత ఆ మొదటి శతాబ్దంలోనే వాపోయాడు. మిర్యాలగూడకు అంత దూరం కాని నాగార్జునకొండలో రోమను బంగారు నాణేలు కూడా దొరికాయి. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దీనారంలో వెండి తగ్గించాడు. దక్షిణాదిలో దొరికిన దీనారాల్లో అధిక భాగం అంతకు ముందటివే! గీటు పెట్టి చూసుకోవడం మనవాళ్ళు నిన్నమొన్న నేర్చుకున్న విద్య కాదన్నమాట.

అయితే నన్ను ఆపేది వ్యాపారం సంగతి కాదు. దాచినవాడి సంగతి. ద్రాక్షతోట యజమాని కూలీలకు ఒప్పుకున్న రోజు కూలి ఒక దీనారం. ఆ లెక్కన పదిహేను వందల దీనారాలంటే ఒక మనిషి నాలుగేళ్ళకు పైగా చేసే కష్టం. ఎవరో వాటిని కూడబెట్టారు, భూమిలో పెట్టారు, తిరిగి రాలేదు. వానికి పిల్లలున్నారో లేదో, ఆ పిల్లలు ఆకలితో ఉన్నారో లేదో ఎవరూ చెప్పలేరు. వెండి మాత్రం ఉన్నచోటనే ఉంది.

2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో తవ్వకాలు జరిపినప్పుడు ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 నాణేలు. ఇక్ష్వాకుల కాలం నాటివి. బంగారం కాదు, వెండి కాదు, అన్నీ సీసం. ఒక పక్క ఏనుగు బొమ్మ. మూతి జాగ్రత్తగా మూసి పెట్టారు. ఆ కుండ పెట్టినవారూ తిరిగి రాలేదు.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. ధనత్రయోదశి, అక్షయ తృతీయ వచ్చాయంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బంగారు దుకాణాల ముందు నిలబడేవారిలో మన కతోలిక కుటుంబాలవారూ ఉంటారు. ముహూర్తం మీద నమ్మకం లేదంటారు, నాణెం మాత్రం ఆ రోజే కొంటారు. నేను అడిగితే, 'ఆ రోజు కొత్త సరుకు వస్తది ఫాదర్' అని జవాబు. సరే, అది పక్కన పెడదాం.

బంగారం కొనడం పాపమని నేను చెప్పబోవడం లేదు. బ్యాంకు గడప తొక్కడానికి జంకే తల్లికి, పేరు మీద గుంట భూమి లేని కోడలికి, చేతిలో ఉన్న తులం బంగారమే ధైర్యం. పది గ్రాముల మేలిమి బంగారం ధర 2025లో లక్ష రూపాయలు దాటింది. ముప్పై ఏళ్ళ కిందట అది ఐదు వేలకు అటూ ఇటూ ఉండేది. కొన్నవారు తెలివితక్కువవారని ఎలా అంటాం? నాణేలు పోగుచేసే సరదాను కూడా నేను తప్పు పట్టను. కంసాలులకు, నాణేలు సేకరించేవారికి మన తల్లి శ్రీసభలో ఒక పాలక పునీతుడే ఉన్నాడు. ఆయన పునీత ఎలీజియుస్. ఏడవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో రాజుల కొలువులో కంసాలి, టంకశాల అధికారి. ఒక సింహాసనానికని రాజు ఇచ్చిన బంగారంతో రెండు సింహాసనాలు చేసి, చిటికెడు కూడా వెనకేసుకోలేదని ఆయన చరిత్ర చెబుతుంది. తనకు వచ్చిన ధనంతో బానిసలను విడిపించాడు. తరువాత నోయోను పీఠాధిపతి అయ్యాడు. డిసెంబరు 1 ఆయన పండుగ. రోజంతా బంగారం మధ్యన కూర్చున్న మనిషి అది తన చేతికి అంటకుండా బతికాడు.

కనుక కొనేవారు కొనండి, కళ్ళు తెరిచి కొనండి. హాల్‌మార్కు చూడండి, రసీదు అడగండి. నాణెం మీద మూడు శాతం జి.ఎస్.టి., తయారీ కూలి పోతాయి. అమ్మేటప్పుడు ఆ సొమ్ము తిరిగి రాదు. బ్యాంకులో కొన్న నాణేన్ని సాధారణంగా ఆ బ్యాంకే తిరిగి తీసుకోదు. వెండి ఎప్పుడూ పెరుగుతుందని ఎవరైనా చెబితే, 2011లో కిలో డెబ్బై వేలు దాటిన వెండి 2015 నాటికి దాదాపు సగానికి దిగిందని గుర్తు చేయండి. ఇక రైస్ పుల్లింగ్ అంటూ బియ్యపు గింజలను లాగే మహిమగల పాత నాణెం ఉందని, కోట్లు వస్తాయని తిరిగేవారు ఉన్నారే, వారిని గడప ఎక్కనివ్వకండి. ఇన్ని రైసుమిల్లులున్న మిర్యాలగూడ పక్కన నిలబడి, గింజ దానంతటదే నాణెం దగ్గరకు నడిచి వస్తుందంటే ఎలా నమ్ముతాం? పాత నాణేలు కొంటామని తమ పేరు వాడుకొని మోసం చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో ప్రజలను హెచ్చరించింది. పొలంలో నిజంగానే నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలన్నది 1878 నాటి చట్టం. అది కూడా కైసరుకు చెల్లవలసినదే.

ఇదంతా పైపై మాట. అసలు మాట చెప్పడానికి నేను చూసిన ఒక ఇంటి సంగతి చెప్పాలి. ఊరు, పేరు అడగకండి.

ఆ ఇంటి పెద్ద దైవభక్తి గలవాడు. ఆదివారం పూజ తప్పేవాడు కాదు. వాళ్ళ నాయన కాలం నుండి వచ్చిన వెండి రూపాయలు ఆయన దగ్గర ఉండేవి. కొన్ని విక్టోరియా రాణి బొమ్మవి, కొన్ని నిజాం సర్కారు వేయించిన చార్మినారు బొమ్మవి. ఈ ప్రాంతపు పెద్దలు మొదటిదాన్ని కల్దారు అని, రెండోదాన్ని హాలి సిక్కా అని పిలిచేవారు. ఆయన వాటిని ఒక కుండలో పోసి, వడ్లగుమ్మి కింద గొయ్యి తీసి పెట్టాడు. భార్యకు చెప్పలేదు. కొడుకులకు చెప్పలేదు.

తరువాత ఆయనకు కడుపులో జబ్బు వచ్చింది. ఆపరేషనుకు డబ్బు కావాలి. మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చారు. ఆ మిత్తి మీద మిత్తి పెరిగి, కాలువ కింద ఉన్న అర ఎకరం అమ్మారు. పెద్ద కొడుకు చదువు మానేసి లారీ మీద క్లీనరుగా పోయాడు. అన్నాళ్ళూ కుండ గుమ్మి కిందనే ఉంది! ఆయన ఎందుకు తీయలేదు? చేయి రాలేదు, అంతే. ఇంకా పెద్ద కష్టం వచ్చినప్పుడు తీయవచ్చు అనుకొని ఉంటాడు. కష్టం ఎప్పుడూ ఎదురుగానే నిలబడి ఉంది, ఆయన కంటికి మాత్రం అది సరిపడేంత పెద్దదిగా కనబడలేదు. అవస్థ అభ్యంగనం ఇవ్వడానికి వెళ్ళిన రోజు ఆయన నా చేయి పట్టుకొని ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. పాపం గురించి కాబోలు అనుకున్నాను.

ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు పాత ఇల్లు తీసి కొత్తది కట్టేటప్పుడు మేస్త్రీ గడ్డపారకు కుండ తగిలింది. ఆ తల్లి నా దగ్గరకు వచ్చి కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అన్నది: 'మా కోసమే దాచిండు ఫాదర్. కానీ మాకు చెప్పలే.'

ఆ మాట విన్నప్పటి నుండి తలాంతుల ఉపమానం చదివినప్పుడల్లా మూడో సేవకుడు నాకు దుర్మార్గుడిలా కనబడడం మానేశాడు. వాడు దొంగ కాదు. పైసా తినలేదు. పదిలంగా పాతిపెట్టాడు, పదిలంగా తెచ్చి ఇచ్చాడు. ఒక తలాంతు అంటే ఆరు వేల దీనారాలు. వాడు చేసిన తప్పల్లా భయపడడమే. ఆ భయం వల్ల అంత ధనం ఒక్క మనిషికి ఒక్క పూట కూడా పనికిరాలేదు.

దీని పక్కన లూకా సువిశేషం 15వ అధ్యాయంలోని స్త్రీని నిలబెట్టి చూడండి. ఆమెకు పది వెండి నాణేలు. అందులో ఒకటి పోతే దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి వెదికింది. దొరికిన తరువాత ఏం చేసింది? ఇరుగుపొరుగు వారిని పిలిచి చెప్పింది. ఆమె దగ్గర ఎన్ని ఉన్నాయో ఆ వాడకంతా తెలుసు! ఆ ఇంట్లో నాణెం వెలుతురులో ఉంది. మన ఇళ్ళలో భర్తకు తెలియకుండా భార్య చీటీలు, భార్యకు తెలియకుండా భర్త తాకట్లు, ఇద్దరికీ తెలియకుండా కొడుకు కట్టే స్కీములు. ఒకే మంచం కింద మూడు కుండలు.

మరో మాట చెప్పక తప్పదు, కొందరికి కోపం వచ్చినా సరే. గుడిలో వివాహ ప్రకటనలు చదివే ముందు ఇరుపక్షాల పెద్దలు నా గదిలో కూర్చుంటారు. జ్ఞానస్నాన పత్రాలు బల్ల మీద ఉంటాయి. వరండాలో మాత్రం 'ఎన్ని తులాలు?' అన్న బేరం నడుస్తూ ఉంటుంది. దీనారం మీద తిబేరియ బొమ్మ ఉంది కనుక అది తిబేరియకు చెల్లింది. ఆ పిల్ల మీద ఉన్న బొమ్మ ఎవరిది? ఆదికాండం మొదటి అధ్యాయం చదివిన మనకు తెలియదా? దేవుని రూపం ధరించిన మనిషిని కైసరు త్రాసులో తూచి, తూకం తగ్గిందని వెనక్కు పంపే హక్కు మనకు ఎవరిచ్చారు? తమిళనాడులోని పుదుక్కోటలో 1898లో దొరికిన రోమను బంగారు నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా గాటు పెట్టి ఉంది. ఆ రాజు పెత్తనం ఇక్కడ చెల్లదు, ఇది వట్టి లోహం అని చెప్పినట్టు. ఆ గాటు పెట్టినవాడు క్రైస్తవుడు కాడు. అయినా బంగారాన్ని లోహంగా చూడడం వానికి తెలిసింది.

ఆ తల్లి సంగతి సగంలో ఆపాను. కుండ దొరికిన నెలకు ఆమె కొడుకులను, కోడళ్ళను కూర్చోబెట్టి రూపాయలన్నీ చాప మీద పోసింది. అందరి ముందు లెక్కపెట్టింది. మనుమరాలికి నర్సింగులో సీటు వచ్చి ఉంది, ఫీజు కట్టవలసిన రోజులు. వెండి అమ్మగా వచ్చిన దానిలో ముందు ఆ ఫీజు తీశారు. మిగిలింది పంచుకున్నారు. చదువు మానిన పెద్ద కొడుకుకు కొంచెం ఎక్కువ ఇవ్వమని తమ్ముళ్ళే అన్నారు. ఒక చార్మినారు రూపాయిని మాత్రం ఆమె అమ్మనివ్వలేదు.

మొన్న వాళ్ళ కొత్త ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్ళినప్పుడు దాన్ని చూపించింది. జపమాల పెట్టుకునే డబ్బాలో ఉంది. చూపించి, డబ్బా మూయకుండానే చిన్న కోడలిని వంటింట్లో నుండి పిలిచి, 'ఇదిగో, ఈడ పెడుతున్నా, చూసుకో' అన్నది.