జానెడు సందు

అయ్యప్ప మాల వేసుకోవడం నాకు ఇది తొమ్మిదోసారి. చేవెళ్ల దగ్గర అరెకరం పాలీహౌస్‌లో జెర్బెరా వేస్తాను. దీక్ష 41 రోజులు. కార్తీకంలో మొదలవుతుంది, సరిగ్గా మా వైపు చలి ముదిరే వేళకి. చీకటితోనే చన్నీళ్ల స్నానం, పూజ, ఆ తరవాత నల్లబట్టల్లోనే తోటకి.

పాలీహౌస్ వేసిన ఏడాది చలికి భయపడి పక్క కర్టెన్లు రాత్రీ పగలూ మూసే ఉంచాను. పదిహేను రోజులు తిరక్కుండానే పూరేకుల మీద బూడిదరంగు మచ్చలు లేచాయి. గుడిమల్కాపూర్ మార్కెట్లో ఆ పూలను ముట్టినవాళ్లు లేరు. తెగులు బయటినుంచే వచ్చి ఉంటుందని నెట్ అంతా తడిమి చూశాను. ఎక్కడా చిరుగు లేదు. పూలు కోసే అవ్వ తల పైకెత్తి చూపించింది. పైన పరిచిన ప్లాస్టిక్ కాగితానికి, అన్నం గిన్నె మూతకు పట్టినట్టు, నీళ్లు. "చెట్ల చెమటనే స్వామీ. మళ్ల చెట్ల మీదనే పడుతున్నది."

మొక్క తాగిన నీళ్లలో చాలావరకు ఆకుల గుండా వదిలేస్తుంది. రాత్రి కాగితం చల్లబడితే ఆ ఆవిరే చుక్కలై రాలుతుంది. పువ్వు కొన్ని గంటలు తడిగా ఉంటే చాలు, బూజు పడుతుంది. చలికాలపు బయటిగాలి చల్లనిదే కాని పొడిది. లోపలికొచ్చి ఎండకు వేడెక్కాక తేమను పీల్చుకుంటుంది. అందుకని ఇప్పుడు ఎండ కాస్త పైకి రాగానే గాలి కొట్టని పడమటి కర్టెన్‌కి జానెడు సందిస్తాను. పొద్దెక్కాక రెండు వైపులా తీస్తాను. సాయంత్రం మూసేముందు లోపలి తేమగాలి పోనిస్తాను. డ్రిప్పు నీళ్లు పొద్దుటిపూటే. కొంత వేడి పోతుంది, పోనీ.

భజనల్లో అందరూ గీతలోని తాబేలు గురించి చెబుతారు, ఇంద్రియాలను అలా లోపలికి ముడుచుకోవాలని. ఆ వెంటనే ఉన్న శ్లోకం మాత్రం ఎవరూ ఎత్తరు. ఉపవాసం ఉన్నవాడికి విషయాలు దూరమవుతాయట, వాటి రుచి మాత్రం పోదట. పరమాన్ని చూస్తేనే అదీ పోతుందట. నాకు మాంసం గుర్తుకు రాదు, మందు అసలే అలవాటు లేదు. కాని పొలం గట్టు తగాదాలో మా అన్న అన్న మాట ఒకటుంది. దీక్షలో కోపం కూడదని నోరు మూసుకున్నాను. ఇరవయ్యో రోజు పూజలో నేను లెక్కపెడుతున్నది శరణాలు కాదు, మాల తీసే రోజుకు ఎన్ని రోజులున్నాయో. తీశాక చెప్తా వాడి సంగతి, అని.

ఓర్చుకుంటే అదే అలవాటవుతుందని గురుస్వామి అంటారు. నాకు నమ్మకం కుదరలేదు. మూత పెట్టినంతమాత్రాన ఆరేది కాదది. అలాగని కాగితం పీకేస్తే జెర్బెరా ఒక్క వానకు ఆగదు. మాల వద్దనీ అనలేను.

మొన్న పొద్దున్నే అన్న ఇంటికి పోయాను. ఎప్పుడూ "తమ్మీ" అనేవాడు "స్వామీ" అంటూ వంగి నా కాళ్లు మొక్కబోయాడు. చేతులు పట్టుకుని ఆపాను. గంటసేపు గట్టు గురించే మాట్లాడుకున్నాం. ఏమీ తేలలేదు, గొంతులు రెండుసార్లు లేచాయి కూడా. తోటకి వచ్చేసరికి తొమ్మిది దాటింది. కర్టెన్లు ఇంకా దించే ఉన్నాయి. హ్యాండిల్ తిప్పుతుంటే మెడ మీద ఒక చుక్క పడింది, గోరువెచ్చగా.