చెల్లు

తమిళనాడులో పోదనూరు వైపు తెలుగు ఇళ్లలో పెళ్లి జరిగితే మండపం వాకిట్లో ఒక బల్ల, దాని మీద ఒక నోటుపుస్తకం ఉంటాయి. మేనమామైనా వియ్యంకుడైనా పెట్టిన మొయి పేరుతో, ఊరుతో, మొత్తంతో అందులోకి ఎక్కవలసిందే. ఆంధ్రలో ఈ మొయినే చదివింపులంటారు. ఎవరెంత ఇచ్చిందీ పదిమందిలో పైకి చదవడం వల్ల వచ్చిన పేరది. ఆ పుస్తకం బీరువాలో ఏళ్ల తరబడి ఉంటుంది. అవతలి ఇంట్లో శుభకార్యం వస్తే తీసి చూసుకుని, అంతకు తగ్గకుండా పెట్టి వస్తారు. ఐదువందల మొయిని ఇంత శ్రద్ధగా రాసుకునేవాళ్లమే, తోడబుట్టినవాడికి ఐదు లక్షలు ఇచ్చేటప్పుడు మాత్రం కాగితం మాటెత్తడానికి జంకుతాం. మొయి కోసం ఎవరూ కోర్టుకెక్కరు కదా అని అడగవచ్చు. ఎక్కరు, నిజమే. అయినవాళ్ల మధ్య రాత కోర్టు కోసమే పుట్టలేదని చెప్పడానికి నాకు ఆ పుస్తకమే ఆధారం.

పాత ధర్మశాస్త్రం ఈ విషయంలో మనకంటే నిక్కచ్చిగా ఆలోచించింది. విడిపోని అన్నదమ్ముల మధ్య, తండ్రీకొడుకుల మధ్య, ఆలుమగల మధ్య అప్పు గానీ జామీను గానీ సాక్ష్యం గానీ ఉండవని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. ఒకే పెట్టెలోని డబ్బుకు ఇచ్చేవాడెవడు, పుచ్చుకునేవాడెవడు? పొయ్యిలు వేరైన తరువాతే అప్పు అనే మాటకు అర్థం వస్తుంది. 'మనలో మనకి రాతలెందుకు' అనేవారు వేరుపడ్డ ఇళ్లలో కాపురం ఉంటూ ఉమ్మడి కుటుంబపు మాట మాట్లాడుతున్నారు. అదే స్మృతి మరో మాటా చెప్పింది. బాకీదారు కట్టిన సొమ్మునంతా కట్టినప్పుడల్లా పత్రం వెనక రాయాలి, పూర్తిగా తీరిన రోజున ఆ పత్రాన్ని చింపేయాలి. ప్రోనోటు వెనక చెల్లు వేయడమంటే ఇప్పటికీ అదే. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాబట్టి ఈ ఆలోచన దొరలు తెచ్చిపెట్టింది కాదు.

నాకు ఆ చింపడం దగ్గరే అసలు విషయం కనిపిస్తుంది. నోటిమాట అప్పుకు చింపడానికేమీ ఉండదు. అసలు తీరినా, ఆపదలో ఆదుకున్నానన్న మాట మిగులుతుంది. బాకీపడ్డ తమ్ముడు అన్న ఇంట్లో గొంతెత్తి మాట్లాడలేడు, పొలం గట్టు దగ్గరో పిల్ల సంబంధం దగ్గరో నోరు మూసుకుంటాడు. వడ్డీ లేని అప్పు అంటాం గానీ దాని వడ్డీ ఇలా వసూలవుతూనే ఉంటుంది, ఎంతైందో ఎవరూ లెక్క కట్టరు. ఇంత తీసుకున్నాను, ఇంత కట్టాను, ఇంత మిగిలింది అని రాసి ఉంటే బాకీ ఆ అంకె దగ్గర ఆగుతుంది. అందుకే కాగితం అడగవలసింది ఇచ్చేవాడి కంటే ముందు పుచ్చుకునేవాడు. పైగా ఇద్దరి మధ్య నమ్మకం ఇద్దరూ బతికున్నంత కాలమే. తరువాత మాట్లాడుకునేది అక్కడ లేని కొడుకులూ కోడళ్లూ. వాళ్లు అబద్ధం ఆడక్కర్లేదు, తెలియకపోతే చాలు.

ఇప్పుడు డబ్బంతా ఫోన్లోనే పోతోంది, అదే రుజువు కాదా? కొంతవరకే. ఇరవై వేలు, ఆపైన అప్పు నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం అంటుంది కాబట్టి బ్యాంకు దారి మంచిదే. కానీ బ్యాంకు చీటీ సొమ్ము కదిలిందని చెబుతుంది, ఎందుకు కదిలిందో చెప్పదు. అది కానుకా, పాత బాకీ తీర్చడమా, కొత్త అప్పా? ఆ ఒక్క ముక్కా రాయడానికే ప్రోనోటు. ప్రోనోటుకు 1881 నాటి చట్టం అడిగేది కొంచెమే: ఇంత మొత్తం ఇస్తానని షరతులు లేని మాట, సంతకం. స్టాంపు చట్టం అడిగే రెవెన్యూ స్టాంపు అంటించకపోతే మాత్రం తరువాత జరిమానా కట్టినా ఆ నోటు సాక్ష్యానికి పనికిరాదు. అడగ్గానే చెల్లించే నోటు మీద దావా వేయడానికి గడువు, నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆలోపు బాకీదారు కొంత కట్టి తన చేత్తో చెల్లు రాస్తే మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి.

బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఈ ప్రాంతంలో కాగితం పేరు చెబితే పేదవాడికి గుర్తొచ్చేది కందువడ్డీ, అంటే అడ్డగోలు వడ్డీ; దాన్ని అరికట్టడానికి తమిళనాడు 2003లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకాలు పెట్టించుకుని తరువాత తోచిన అంకె వేసుకోవడం ఆ వ్యాపారపు పద్ధతి. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. స్టాంపు అంటించిన ఖాళీ నోటుపై సంతకం పెట్టి ఇస్తే, స్టాంపుకు సరిపడేంత మొత్తం నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టేనని చట్టమే అంటుంది. అయితే అక్కడ మోసం చేసింది రాతా, రాయకుండా వదిలిన చోటా? అంకె, అక్షరాల్లో మొత్తం, తేదీ, వడ్డీ ఉంటే ఎంత, లేకపోతే లేదని బాకీదారే తన చేత్తో నింపి, ఒక నకలు ఉంచుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది.

ఇక మిగిలింది భాష. మదురై నాయకుల కొలువులో తెలుగు రాతకూ వాడిన భాష. ఈ ఊళ్లలో ఇప్పుడది ఎక్కువగా ఇంట్లో మాట్లాడుకునేది, బడీ కచేరీ తమిళంలోనో ఇంగ్లీషులోనో. అప్పు అడిగేది తెలుగులో, చేబదులుకు వాడే 'కైమాత్తు' అనే మాట తమిళమైనా సరే. రాసేదేమో అంగట్లో కొన్న తమిళ నోటు. ఇంట్లోకి పరాయివాడు వచ్చినట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. 1881 చట్టంలో ప్రోనోటు నిర్వచనం రాత ఉండాలంటుందే తప్ప భాష పేరెత్తదు. తెలుగు లిపి రాని తమ్ముడు తమిళ అక్షరాల్లోనే, ఇంట్లో అన్న మాటను అన్నట్టుగా, 'అన్నా, నీ దగ్గర ఇంత తీసుకున్నాను, నువ్వు అడిగినప్పుడు ఇస్తాను' అని పేర్లూ తేదీతో రాసి, స్టాంపు మీదుగా సంతకం పెట్టవచ్చు. వెనక వైపు చెల్లుకు ఖాళీగా ఉంటుంది.