చికెన్ షాపు ముందు పంచశీల



ఒక ఆదివారం విహారంలో వందన అయిపోయి చాపలు చుట్టి పెడుతుంటే ఒక అక్క నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "అన్నా, పొద్దున్నే పంచశీల చెప్పుకుంటాం. ప్రాణం తీయనని నోటితో అంటాం. ఇక్కణ్ణించి నేరుగా చికెన్ షాపుకు పోయి లైన్లో నిలబడతాం. ఇదేం ధమ్మం? లోపల ఏదో గుచ్చుకుంటోంది." పక్కనే ఉన్న ఒక తమ్ముడు వెంటనే అందుకున్నాడు. "ఏం కాదక్కా. బుద్ధుడే మాంసం తిన్నాడు. తినొద్దని చెప్పేవాళ్ళంతా మనల్ని మళ్ళీ పాత దారిలోకి లాగేవాళ్ళే."

ఆ రోజు నేనేదో సర్దిచెప్పి పంపేశాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే అక్కకూ జవాబు చెప్పలేదు, తమ్ముడికీ చెప్పలేదు అనిపించింది. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది.

ముందు తమ్ముడి మాట చూద్దాం. అతని కోపం ఊరికే పుట్టలేదు. తిండిని చూసి మనిషిని కొలవడం మన దేశంలో పాత అలవాటు. పట్నంలో అద్దె ఇంటికి వెళితే "మీరు వెజ్జా, నాన్ వెజ్జా?" అని అడుగుతారు. అడిగేది కూర గురించి కాదని వాళ్ళకూ తెలుసు, మనకూ తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంటాయన ఆ ప్రశ్న అడిగి, నా జవాబు విని, తీసుకున్న అడ్వాన్సు అక్కడికక్కడే తిరిగిచ్చేశాడు. ఆ మెట్లు దిగుతున్నప్పటి సిగ్గు నాకింకా గుర్తుంది. తప్పు చేసింది ఆయన, తల దించుకుంది నేను.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1948లో ‘ది అన్‌టచబుల్స్’ అనే పుస్తకం రాశారు. అంటరానితనం మూలాలు గొడ్డుమాంసం చుట్టూ ఉన్నాయని, బౌద్ధం మీద పైచేయి సాధించడానికే బ్రాహ్మణులు గోమాంసం మానేశారని, చచ్చిన గొడ్డు తినక తప్పని పేదలు ఊరి బయట అంటరానివాళ్ళుగా మిగిలారని ఆయన అందులో వాదించారు. అంతకు చాలా ముందు, 1927లో మహద్‌లో, చచ్చిన పశువు మాంసం తినడం మానెయ్యమని మనవాళ్ళకు గట్టిగా చెప్పారు. అక్కడ ఆయన అడిగింది ఆత్మగౌరవం. ఇంకొకరు పారేసింది తిని బతకొద్దన్నారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్ దీక్షలో చెప్పించిన 22 ప్రతిజ్ఞల్లో సారా ముట్టనని ఉంది, మాంసం ముట్టనని లేదు. అయితే సకల ప్రాణుల మీద దయ చూపిస్తానని కూడా ఉంది. ఈ చివరి సంగతిని మనవాళ్ళు కొంచెం తొందరగా దాటేస్తుంటారు.

బుద్ధుడు కూడా తిండిని బట్టి శుద్ధి అశుద్ధి అన్న లెక్కను ఒప్పుకోలేదు. సుత్తనిపాతంలో ఆమగంధ సుత్తం ఉంది. ఆమగంధం అంటే పచ్చిమాంసపు కంపు. మాంసం తినేవాళ్ళు కంపు అని ఒక బ్రాహ్మణుడు అంటాడు. కంపు పళ్ళెంలో లేదు, నీ నడతలో వెతుక్కో అని జవాబు వస్తుంది. హింస, దొంగతనం, అబద్ధం, మోసం, సాటివాణ్ణి చులకన చేయడం, ఇవన్నీ అందులో కంపు కిందే లెక్క. దేవదత్తుడు సంఘానికి అయిదు కఠిన నియమాలు పెట్టమని పట్టుబట్టాడు. జీవితాంతం చేపా మాంసం ముట్టకూడదనేది వాటిలో ఒకటి. దాన్ని అందరికీ నియమం చేయడానికి బుద్ధుడు ఒప్పుకోలేదు.

కాబట్టి తమ్ముడూ, ఇంతవరకు నీ మాట రైటే. మన తిండి చూసి మనల్ని తక్కువ చేసేవాడి ముందు తల దించనక్కర్లేదు. కానీ ఆమగంధ సుత్తంలో కంపుల వరుస దేనితో మొదలవుతుందో చూశావా? ప్రాణం తీయడంతో.

ఇక అక్క మాట. లోపల గుచ్చుకుంటోంది అంది కదా, దాన్ని కొంచెం ఆగి చూద్దాం.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఇంట్లో ఒక ఎర్ర పెట్ట ఉండేది. నూకలు వేసేది నేనే, సాయంత్రం గంప కింద కమ్మేదీ నేనే. ఒకరోజు మేనమామ వస్తున్నాడని కబురొచ్చింది. పెట్టని పట్టుకురమ్మని అమ్మ నాకే చెప్పింది. ఎందుకంటే ఎవరు పిలిచినా రాదు, నేను పిలిస్తే పరిగెత్తుకుంటూ వస్తుంది. ఆ రోజూ అలాగే వచ్చింది. మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. అమ్మ తిట్టలేదు. "మామకి ఇంకేం పెట్టనురా, ఇంట్లో ఏముందని" అంది. ఆమె కూడా ముక్క వేసుకోలేదు. పొయ్యి దగ్గర అలసిపోయి తినలేదో, ఇంకెందుకో, నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు. పదిహేను రోజుల తర్వాత ఇంకో కోడి కోశారు. నేను తిన్నాను. బాగుంది కూడా. అబద్ధం చెప్పను.

అద్దె ఇంటి మెట్ల మీద నాకు కలిగింది సిగ్గు. అందులో నేను నా గురించే ఆలోచిస్తున్నాను, ఎదుటివాడి కళ్ళతో నన్ను నేను చూసుకుంటున్నాను. పెట్ట విషయంలో కలిగింది వేరు. అక్కడ నా ధ్యాసంతా దాని మీదే. పాళీలో అనుకంప అనే మాట ఉంది. పక్క ప్రాణి కంపిస్తే దానితోపాటు మనమూ కంపించడం. దీన్ని నాకు ఏ కులమూ నేర్పలేదు, ఏ ఇంటాయనా నేర్పలేదు. ఈ రెండింటినీ మనం కలగాపులగం చేసేస్తున్నాం. సిగ్గుని వదిలించుకునే ఊపులో అనుకంపని కూడా బయటకు తోసేస్తున్నాం. పై కులాలవాళ్ళ ఎగతాళికి జవాబుగా మరింత గట్టిగా, మరింత ఎక్కువగా తిని చూపించడం నేను చాలా చోట్ల చూశాను. నేనూ చేశాను. వాళ్ళ మాటకు జవాబు చెప్పడానికి కోడిని మధ్యలోకి ఎందుకు లాగాలి?

మరి బుద్ధుడు ఏం చెప్పాడు? "మూడు విధాల శుద్ధమైన మాంసం తినొచ్చు" అని అందరూ చెబుతారు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని బరువు తెలుస్తుంది. వేసాలిలో సీహుడనే సేనాపతి ఉండేవాడు. మొదట నిగంఠుల శిష్యుడు, తర్వాత బుద్ధుని దగ్గరకు వచ్చాడు. ఇన్నాళ్ళూ నిగంఠులకు నీ ఇల్లు మంచినీళ్ళ బావిలా ఉంది, వాళ్ళకు భిక్ష ఆపొద్దు అని బుద్ధుడే అతనికి చెప్పాడు. (మతం మారగానే పాతవాళ్ళతో మాటలు మానేసేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.) సీహుడు సంఘాన్ని భోజనానికి పిలిచి, అంగట్లో అప్పటికే అమ్మకానికి ఉన్న మాంసం ఉందేమో చూడమని మనిషిని పంపాడు. సీహుడు పెద్ద జంతువును చంపించాడు, గోతముడు తెలిసి తెలిసీ తింటున్నాడు అని నిగంఠులు వీధి వీధీ అరిచారు. నా ప్రాణం కోసమైనా తెలిసి ఒక ప్రాణం తీయను అన్నాడు సీహుడు. అప్పుడు వచ్చింది ఆ నియమం. తన కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానం కలిగినా భిక్షువు ఆ మాంసం తినకూడదు.

నియమం ఎవరికో గమనించండి. చేతిలో పాత్ర తప్ప ఏమీ లేనివాడికి. ఇది కావాలి, అది వద్దు అనే హక్కును వదులుకున్నవాడికి. మన చేతిలో సంచి ఉంది, జేబులో డబ్బులున్నాయి.

ఇప్పుడు మన షాపు ముందుకు రండి. "ఎంత కావాలి? స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా?" అంటాడు. రెండు కేజీలు తూగేది చూడమంటాం. అతను బోనులో చెయ్యి పెడతాడు. మిగతావి మూలకు నక్కుతాయి. ఒకదాన్ని కాళ్ళు పట్టి తీసి, కాటాలో పడేసి, మెడ కోసి, నీలం డ్రమ్ములో వేస్తాడు. డ్రమ్ములో కాసేపు డబడబమని శబ్దం వస్తుంది. ఆ కాసేపు మనం ఫోన్ చూసుకుంటాం. బ్రాయిలర్ కోడి వయసు నలభై రోజులు అటూ ఇటూ. అంటే అది ఇంకా పిల్లే, పెరగడమే అలా పెరిగింది. చూశామా? చూశాం. విన్నామా? విన్నాం. మన కోసం చంపారేమో అన్న అనుమానం మిగిలిందా? ఆర్డరిచ్చిందే మనం. మూడు శుద్ధుల్లో ఒక్కటీ మిగల్లేదు.

మజ్ఝిమ నికాయంలో జీవక సుత్తం ఇంకా లోతుకు వెళుతుంది. రాజగృహంలో తన మామిడి తోటలో వైద్యుడు జీవకుడు అడిగితే బుద్ధుడు చెప్పాడు. తథాగతుడి కోసమో ఆయన శిష్యుల కోసమో ప్రాణిని చంపించేవాడికి అయిదు చోట్ల దోషం అంటుకుంటుంది. ఫలానా ప్రాణిని తీసుకురా అన్నప్పుడే ఒకటి. మెడకు తాడేసి లాక్కొస్తుంటే అది పడే బాధ రెండోది. చంపమని చెప్పడం, చస్తూ అది పడే బాధ, తగని తిండిని తథాగతుడికో శిష్యుడికో పెట్టడం మిగతావి. ఆ రెండోదాని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కత్తి ఇంకా పడలేదు. తాడు లాగుతుంటే ఆ మేకకు కలిగే భయాన్ని కూడా ఆయన విడిగా లెక్కపెట్టాడు. బోనులో మూలకు నక్కిన కోళ్ళు అప్పుడు నాకు గుర్తొచ్చాయి.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ఈ చర్చ దొంగ చర్చ అవుతుంది. ఉపాసకులు చేయకూడని అయిదు వ్యాపారాల్లో మాంసం వ్యాపారం ఒకటని అంగుత్తర నికాయంలో ఉంది. మనం అమ్మం, కొయ్యం. కోసేవాడు వేరే ఉన్నాడు. ఈ దేశంలో ఆ పని ఏ కులాలకు, ఎవరికి వదిలేశారో మీకు తెలుసు. దయలేనివాణ్ణి తిట్టాలంటే కసాయివాడా అంటాం, ఆదివారం ఆ కసాయి దగ్గరకే వెళ్ళి బోన్‌లెస్ అడుగుతాం. కత్తి అతనిది, చెడ్డపేరూ అతనిదే, కూర మాత్రం మనది. మన పెద్దల చేత చచ్చిన గొడ్డును మోయించి, మోశారని అంటరానివాళ్ళన్నదీ ఇదే పద్ధతిలో. మనం ఈ ఆటలో రెండోవైపు నిలబడకూడదు.

అయితే రేపటి నుంచి అందరూ మానెయ్యాలా? నేను అలా చెప్పను. చెప్పే అర్హత కూడా లేదు, నేను పూర్తిగా మానలేదు. జబ్బుపడ్డవాళ్ళకు, బాలింతకు, రెక్కల కష్టం మీద బతికేవాడికి ఆ గిన్నెడు కూర బలం. బడి పిల్లలకు పెట్టే గుడ్డు మీద గొడవ చేసేవాళ్ళతో అసలు చేరొద్దు. రోగి అయిన భిక్షువుకు మాంసపు రసం కావాలంటే ఇవ్వడానికి వినయ పిటకంలోనే చోటుంది. చుందుడు పెట్టిన ఆఖరి భోజనం తర్వాత కూడా, చుందుణ్ణి ఎవరూ నిందించకుండా చూడమని ఆనందుడికి చెప్పాడు బుద్ధుడు. పెట్టినవాడి మనసు నొప్పించకపోవడం ఆయనకు అంత ముఖ్యం. కాబట్టి చుట్టాలింటికెళ్ళి వాళ్ళ కూర మీద ధమ్మోపన్యాసం ఇవ్వకండి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, మన కర్నూలు జిల్లా ఎర్రగుడికి పోయి రండి. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శాసనంలో ఆయన తన వంటింటి లెక్క రాయించాడు. ఒకప్పుడు నా వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణుల్ని చంపేవారు, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందు ముందు ఈ మూడూ ఉండవు అని. అంత పెద్ద చక్రవర్తి, పూర్తిగా మానేశాక గొప్పగా చెప్పుకుందామని ఆగలేదు. ఇంకా మూడు మిగిలి ఉన్నాయని తన లోటును తానే రాతి మీద చెక్కించాడు. నాకు ఆ శాసనంలో బాగా నచ్చింది ఆ రెండు నెమళ్ళే.

మా ఇంట్లో మేం చేసింది చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి. పౌర్ణమి, అమావాస్య ఉపోసథం రోజుల్లో మాంసం వండం. బుద్ధ జయంతికి, ఏప్రిల్ 14కి, ఇంట్లో పేరు పెట్టే వేడుకకు ఏ ప్రాణినీ కోయించం. మా అబ్బాయి పెళ్ళికి మేకపోతును ముందే కొని పెరట్లో కట్టేద్దామని బావమరిది అంటే వద్దన్నాను. రెండు నెలలు అలిగాడు, తర్వాత మాట్లాడాడు. ఫలానా కోడి అని వేలు పెట్టి చూపించడం మానేశాను. ఇప్పుడు వారం వారం కాస్తా నెలకు ఒకటి రెండు సార్లయింది. ఇంకా మిగిలే ఉంది.

ఆ అక్కకు నేనివ్వాల్సిన జవాబు ఇదే. అక్కా, ఆ గుచ్చుకునేదాన్ని మాన్పించుకోవద్దు. తమ్ముడూ, నువ్వూ ఒక పని చెయ్యి. ఈ ఆదివారం షాపుకెళ్ళు, వెళ్ళొద్దని నేననను. అతను బోనులో చెయ్యి పెట్టినప్పుడు ఫోన్ జేబులోనే ఉంచి, డ్రమ్ములో శబ్దం ఆగేదాకా అక్కడే నిలబడి చూడు. తర్వాత కొంటావో, వెనక్కొస్తావో నీ ఇష్టం. వచ్చే పౌర్ణమికి విహారానికి వస్తావు కదా, అప్పుడు నాకు చెప్పు.