హృదయములోని తలుపులు

(సామెతలు 4:23 చదువుడి)

మన గుండెలో నాలుగు గదులున్నవి. పై రెండును రక్తమును చేర్చుకొనును. క్రింది రెండును దానిని బయటికి పంపును. నడుమనున్న తలుపులు క్రిందికే తెరచుకొనును. చిన్ననాటి గొంతునొప్పిని, కీళ్లవాపు జ్వరమును అశ్రద్ధ చేసినయెడల ఆ తలుపు బిగిసిపోవచ్చును. అప్పుడు రక్తము పైగదిలోనే నిలిచి, ఊపిరితిత్తులకు ఎగదన్ని, ఆయాసము పుట్టించును.

మనకు దక్షిణమున పులికాటు ముఖద్వారము ఇసుకతో పూడినప్పుడు సరస్సు ఏమగునో జాలరులెరుగుదురు గదా!

వాక్యమును చేర్చుకొని పంచిపెట్టని విశ్వాసియు అట్టివాడే. ఆదివారము మీరు పొందిన కృప సోమవారము పొరుగువాని గుమ్మము చేరుచున్నదా? నేనును నన్నే అడుగుకొనుచున్నాను.

బిడ్డ గొంతునొప్పిని వైద్యునికి చూపుడి. బిగిసిన మనస్సును ప్రభువునకు చూపుడి. రెండింటికిని ఆలస్యము తగదు. ఆమేన్.