భవనము గురువగునా?

చిక్కడపల్లిలో నివసించు మిత్రులొకరు ఇటీవల మమ్ము సలహా యడిగిరి. తమ పదేండ్ల కుమారుని, నగరము వెలుపల గొప్ప భవనమున నడచుచున్న యొక వసతి పాఠశాలకు పంపవలెనని వారి సంకల్పము. “అట్టి గోడల నడుమ పెరిగినవాడు గొప్పవాడు కాకపోవునా?” అని వారనిరి. “అచ్చట వాడు తిన్న కంచ మెవరు తీయుదురు?” అని గృహిణి యడిగిరి. ఆ ప్రశ్న మమ్ము చాల దూరము తీసికొనిపోయినది.

మన నగరమున నీ విషయము క్రొత్తది కాదు. 1923లో బేగంపేటయందు జాగీర్దారుల బిడ్డలకై యొక కళాశాల వెలసినది. ఏలువారికి విద్య వేరుగా నుండవలెనను తలంపే దానికి పునాది. 1949లో జాగీర్లు రద్దయినవి. 1951లో నా సంస్థయే హైదరాబాదు పబ్లిక్ స్కూలై యితరులకును తలుపులు తెఱచెను. గోడలు మాఱలేదు, వానికి అర్థము మాఱినది. అయినను జన్మము కావలి కాచిన ద్వారమున ధనము నిలుచుట యిట్టి విద్యాలయముల కన్నిటికిని గల ప్రమాదము.

ఆ కాలముననే యీ నగరమున వేఱొక మార్గమును గలదు. పల్లెలనుండి చదువునకై వచ్చు బాలురకు నీడ కల్పింప 1918లో వెంకటరామారెడ్డిగారు రెడ్డి హాస్టలును స్థాపించిరి. ఉర్దూ రాజభాషగా నున్న దినములలో, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు బాలికలకు తెలుగున విద్య గఱపు పాఠశాలను నెలకొల్పిరి. నారాయణగూడలో నేటికిని అది వారి పేరుననే యున్నది. వీని గొప్పతనము కట్టడమున లేదు. ఎవరికొఱకు తలుపు తెఱచిరనుటలో నున్నది.

అట్లని సౌధములను నిందింపము. కోఠిలోని రెసిడెన్సీ బ్రిటిషు ప్రతినిధి వైభవమునకై కట్టబడినది. 1949లో మహిళా కళాశాల యందు ప్రవేశించెను. దొరలు దిగిన మెట్లమీదుగా సామాన్య గృహముల కన్యలు చదువున కెక్కిరి. సౌధమునకు ఇంతకంటె సార్థక్య మేమున్నది?

కాని గృహిణి ప్రశ్న మనవైపునకును తిరుగును. మన యిండ్లలో కుమారుని కంచ మెవరు తీయుచున్నారు? తల్లియో చెల్లెలో కాదా? అట్లయిన మన రెండు గదుల యిల్లును ఒక చిన్న జాగీరే.

మిత్రులతో మే మిట్లంటిమి: “స్తంభములు చూడకుడు. వాడు తన గది తానూడ్చునా, వంటవానిని గౌరవించి పిలుచునా, సెలవులకు వచ్చి మన యింటిని చూచి సిగ్గుపడకుండునా, ఇవి విచారింపుడు. అందాక కంచము తీయుట యింటనే నేర్పుడు.” పంపుటయా, మానుటయా యనునది వారింకను నిశ్చయింపలేదు. కంచము విషయమున మాత్రము ఆలస్యమునకు కారణము లేదు.